ఒకే కారు, ఐదు పుస్తకాలు, ఐదు మాటలు

హనుమకొండలో పాత కార్లు, పాత మోటార్‌సైకిళ్లు ఉన్నవాళ్లం కొందరం నెలకోసారి కలుస్తుంటాం. మాకో ఇనుప బీరువా ఉంది. దాన్ని మేం లైబ్రరీ అంటాం. మా ఇళ్లలోవాళ్లు దానికి వేరే పేర్లు పెట్టారు, అవి ఇక్కడ రాయను. మొన్న ఎండాకాలంలో ఆ బీరువాకి ఒకేసారి రెండు ట్రంకు పెట్టెల పుస్తకాలు వచ్చిపడ్డాయి. బొగ్గు గనుల్లో ఇంజినీరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన పోతే, "పాత పేపర్ల బండికి వేయడానికి మనసొప్పుతలేదు, మీకు పనికొస్తాయా" అని ఆయన కొడుకు ఫోన్ చేశాడు. అంతకుముందే చందాలేసుకుని తెప్పించుకున్న కొత్త పుస్తకాలు ఇంకో ఎనిమిది ఉన్నాయి. బీరువాలో ఖాళీ ఉన్నది ఒకటిన్నర అర.

అక్కడ మొదలైంది తగువు. నిగనిగలాడే కాగితం మీద రంగుల బొమ్మలున్న లావుపాటి చరిత్ర పుస్తకాలు ముందు పెట్టాలని కొందరు. అవి కొత్తవి, ఖరీదైనవి, వచ్చినవాళ్లకు చూపించుకోవచ్చు. నేను మాత్రం ట్రంకు పెట్టె అడుగున దొరికిన ఒక పార్ట్స్ కేటలాగ్‌ని పట్టుకు కూర్చున్నాను. అట్ట ఊడిపోయింది, పేజీల మీద నూనె వేలిముద్రలున్నాయి, చదవడానికి అందులో ఒక్క పూర్తి వాక్యం లేదు. అయినా ఆ మొత్తం కుప్పలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది దాన్నే. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ప్రశ్న ఎక్కడ పుట్టిందంటే

మాలో ఒక తమ్ముడి దగ్గర 1960ల నాటి అంబాసిడర్ మార్క్ 2 ఉంది. తాతగారి బండి. దానికి వింటేజ్ నంబరు వేయించుకోవాలని అతని కోరిక. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ ఇలాంటి బండ్ల కోసం విడిగా రూల్స్ తెచ్చింది. మొదటిసారి రిజిస్టరై 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, కార్లు వీటి కిందికి వస్తాయి. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అన్న అక్షరాలు పడతాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, ఆపైన రెన్యూవల్‌కి 5,000. ఆ నంబరు వేసుకుని రోజూ ఆఫీసుకి తిరగడం కుదరదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి.

ఇదంతా సరే. అసలు మెలిక ఒక్క షరతులో ఉంది. బండి తన అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ మార్పులు చేసి పెద్ద ఎత్తున ఓవర్‌హాల్ చేసి ఉండకూడదు. మరి అసలు రూపం అంటే ఏది? ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఆ బండికి ఏమేం బిగించి ఉన్నాయో ఎవరు చెప్పాలి? తాతగారు లేరు. అప్పటి డీలరు లేడు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. మిగిలినవి కాగితాలే.

తమ్ముడు కాగితాలు తెరిచాడు. చరిత్ర పుస్తకంలో ఫొటోలో ఒక రకం గ్రిల్లు, పాత అమ్మకాల బ్రోషరులో ఇంకో రకం. బ్రిటన్‌లో అచ్చయిన వర్క్‌షాప్ మాన్యువల్‌లో కరెంటు సామాను ఒకటి, యజమానికిచ్చే చిన్న బుక్‌లెట్‌లో మరొకటి. "అన్నా, ఇందులో ఏది నిజం?" అన్నాడు. నిజానికి అవేవీ అబద్ధాలు చెప్పడం లేదు. ఒక్కో పుస్తకం ఒక్కొక్కరి కోసం, ఒక్కో అవసరానికి రాసింది. వేరే అవసరం పెట్టుకుని దాన్ని అడిగితే మనకు తిక్క సమాధానం వస్తుంది.

ఎవరి కోసం రాశారు?

బ్రోషరు కొనేవాడి కోసం. 1950లు, 60లలో వాటిలో చాలామటుకు బొమ్మలు చేత్తో వేసినవే. ఆర్టిస్టు కారును కొంచెం సాగదీసి, పక్కన నిలబడ్డ మనుషుల్ని కొంచెం కుదించేవాడు. లోపల నలుగురు కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు కనిపిస్తుంది. పైగా బ్రోషరు కారు కంటే ముందే అచ్చుకి వెళ్తుంది, అందులో చూపించిన రంగు ఆ తర్వాత అసలు అమ్మకపోవచ్చు. సీటు గుడ్డ ఎలా ఉండేదో, ఏమేం ఎక్స్‌ట్రాలు దొరికేవో ఊహించడానికి అది బాగుంటుంది. రుజువుగా మాత్రం నిలబడదు.

యజమాని బుక్‌లెట్ నడిపేవాడి కోసం. ఏ ఆయిల్ పోయాలి, టైర్లలో గాలి ఎంత, ఎన్ని మైళ్లకోసారి గ్రీజు కొట్టాలి. అప్పటి బుక్‌లెట్‌లు ఇప్పటివాటికంటే యజమానిని ఎక్కువ గౌరవించేవి. టాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేసుకోవడం, ప్లగ్గులకు కరెంటు పంచే డెల్కోలో పాయింట్లు శుభ్రం చేయడం అతనే చేసుకుంటాడని రాసేవారు. ఇప్పటి కార్ల బుక్‌లో సగం పేజీలు "సర్వీసు సెంటరును సంప్రదించండి" అనే.

వర్క్‌షాప్ మాన్యువల్ కంపెనీ డీలరు దగ్గర పనిచేసే మెకానిక్ కోసం. ఇది గుర్తుపెట్టుకోకపోతే చాలా తిప్పలు. అతనికి ట్రైనింగ్ ఉంది, కంపెనీ పంపిన ప్రత్యేకమైన పుల్లర్లు గోడకు వేలాడుతున్నాయి అనుకుని రాస్తారు. "ఫలానా నంబరు పనిముట్టుతో హబ్ లాగండి" అని ఒక్క లైను. ఆ పనిముట్టు ఖమ్మం నుంచి ఆదిలాబాద్ దాకా వెతికినా దొరకదు. బిగింపు దగ్గరికొచ్చేసరికి "విప్పిన క్రమాన్ని తిరగేసి చేయండి" అని ముగించేస్తారు. విప్పిన క్రమం గుర్తుంటే ఈ పుస్తకం ఎందుకు చెప్పండి.

ఈ కొరతను పట్టుకుని వచ్చినవే హేన్స్ మాన్యువల్స్. జాన్ హేన్స్ అనే బ్రిటిష్ ఆయన 1966లో మొదటిది తెచ్చాడు, ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు మీద. నిజంగా ఒక కారుని విప్పి, మళ్లీ బిగించి, ఒక్కో అడుగుకీ ఫొటో తీసి అచ్చు వేయడం దాని పద్ధతి. కంపెనీ పనిముట్టు లేనివాడికి అది వరం. మా కొత్త పుస్తకాల్లో ఇలాంటివి రెండున్నాయి, ఎక్కువగా చేతులు మారేవి కూడా అవే. కాకపోతే వాళ్లు విప్పింది బ్రిటన్‌లో దొరికిన కారుని. మన దగ్గర తయారైనదాన్ని కాదు.

ఇక పార్ట్స్ కేటలాగ్. ఇది డీలరు షాపులో కౌంటరు వెనక నిలబడేవాడి కోసం. కస్టమరు వచ్చి "వాటర్ పంపు కావాలె" అంటే సరైన నంబరు చూసి ఆర్డరు పెట్టడానికి. పేజీకి ఒక బొమ్మ, ఆ బొమ్మలో భాగాలన్నీ విడివిడిగా గాల్లో తేలుతున్నట్టు, ఒక్కోదానికి అంకె. పక్కన పట్టిక: పార్ట్ నంబరు, పేరు, ఒక్కో కారుకి ఎన్ని కావాలి, చివరి గడిలో "ఫలానా ఛాసిస్ నంబరు దాకా", "ఫలానా ఇంజన్ నంబరు నుంచి". నాకు ముద్దొచ్చేది ఆ చివరి గడి. బండి మోడల్ పేరు మారకుండా, ప్రకటన లేకుండా, నడిమధ్యలో కంపెనీ ఏ రోజు ఏ వస్తువు మార్చిందో చెప్పే చోటు అదొక్కటే. దానికి విశేషణాలు రావు, ఎవరినీ మెప్పించే పని లేదు. తప్పు రాస్తే తప్పు సామాను వెళ్తుంది, డబ్బు నష్టం. అందుకే దాని మాటకు అంత బరువు.

అయితే దానిలోనూ ఒక కిటుకుంది, అది తెలియక మేమే ఒకసారి బోల్తా పడ్డాం. కేటలాగ్‌కి ఎడిషన్లుంటాయి. పాత భాగం తయారీ ఆగిపోతే, తర్వాతి ఎడిషన్‌లో దాని నంబరు తీసేసి కొత్తదాని నంబరు వేస్తారు. మొదటి ఎడిషన్ చూస్తే కారుకి అప్పుడు ఏం బిగించారో తెలుస్తుంది. పదేళ్ల తర్వాతి ఎడిషన్ చూస్తే ఇప్పుడు ఏం కొనాలో తెలుస్తుంది. అసలు రూపం వెతికేవాడికి ముందుది కావాలి, బండి నడవాలనుకునేవాడికి తర్వాతది. మేం చాలాకాలం వెనకాల ఎడిషన్ పెట్టుకుని, అందులో ఉన్నదే ఒరిజినల్ అని ఇద్దరు ముగ్గురితో గట్టిగా వాదించాం కూడా. ఆ సంగతి వాళ్లు ఇప్పుడు మర్చిపోయి ఉంటే బాగుండు.

సముద్రం దాటాక మారిపోయిన కార్లు

బ్రిటిష్, ఇటాలియన్ పుస్తకాలు మన బండ్లకి అచ్చంగా ఎందుకు సరిపోవు అన్నది ఇంకో చిక్కుముడి. పైకి చూస్తే అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. ప్రీమియర్ పద్మిని అంటే ఫియట్ 1100డి. స్టాండర్డ్ హెరాల్డ్ అంటే ట్రయంఫ్ హెరాల్డ్. కాబట్టి అక్కడి మాన్యువల్ తెప్పించుకుంటే సరిపోతుందని అనుకుంటాం. మా కొత్త కొనుగోళ్లలో సగం ఈ లెక్క మీద చేసినవే.

అంబాసిడర్ సంగతే చూడండి. బ్రిటన్‌లో సిరీస్ 3 ఆక్స్‌ఫర్డ్‌కి వాల్వులు హెడ్‌లో ఉండే 1,489 సీసీ ఇంజన్ వచ్చింది. ఇక్కడ మొదట తయారైన అంబాసిడర్లకి బాడీ ఆ సిరీస్ 3దే గానీ, ఇంజన్ మాత్రం అంతకుముందు అదే కంపెనీ లాండ్‌మాస్టర్ కారులో వాడిన సైడ్ వాల్వ్ రకం, అంటే వాల్వులు హెడ్‌లో కాక పక్కన ఉండేది. 1,489 సీసీ ఇంజన్ ఇక్కడ 1959లో వచ్చింది. అంటే మొట్టమొదటి అంబాసిడర్ ఉన్నవాడు సిరీస్ 3 మాన్యువల్ తెరిస్తే తలుపులు, బానెట్, కమాన్ కట్టలు కలుస్తాయి, ఇంజన్ పేజీలు వేరే కారువి. అతను ఇంజన్ కోసం ఇంకా పాత పుస్తకానికి వెళ్లాలి.

హెరాల్డ్ ఇంకా తమాషా. మిచెలొట్టి అనే ఇటలీ డిజైనరు గీసిన కారు, బ్రిటన్‌లో 1959లో వచ్చింది. బానెట్ మొత్తం ముందుకు పడిపోతుంది, ఇంజన్ పక్కన టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారు చేసింది. 1960ల చివర్లో మనవాళ్లకి తగ్గట్టు నాలుగు తలుపులతో ఒకటి తెచ్చారు. బ్రిటన్‌లో అలాంటిది లేదు, కాబట్టి అక్కడి ఏ పుస్తకంలోనూ వెనక తలుపు గొళ్లెం బొమ్మ ఉండదు. తర్వాత అదే కంపెనీ తెచ్చిన గజెల్ కారులో వెనక యాక్సిల్ విధానమే మార్చేశారు. బ్రిటిష్ మాన్యువల్ పెట్టుకుని గజెల్ హౌసింగ్ విప్పేవాడి అవస్థ ఊహించుకోండి.

దీని వెనక కారణం కంపెనీల ఇష్టాయిష్టాలు కాదు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సు మీద ప్రభుత్వం ఒక గీత గీసింది: ఇక్కడే తయారు చేసే కార్యక్రమం ఉన్నవాళ్లే ఉండాలి, పెట్టెల్లో దింపుకుని బిగించి అమ్మేవాళ్లు పోవాలి. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించేది, 1954లో మూసుకుంది. ఉన్న కంపెనీలు ఒక్కో భాగాన్ని దిగుమతి మానేసి ఇక్కడి తయారీదారుల దగ్గర కొనడం మొదలుపెట్టాయి. ఉదాహరణకి లూకాస్ టీవీఎస్ మద్రాసులో 1961లో వచ్చింది. అదే డైనమో, అదే సెల్ఫ్ మోటారు బ్రిటన్ నుంచి వచ్చినదానికీ ఇక్కడ తయారైనదానికీ చిన్న చిన్న తేడాలు. కారు పేరు మారలేదు, బ్రోషరు మారలేదు. మారిన సంగతి తెలిసేది మళ్లీ ఆ పార్ట్స్ కేటలాగ్ చివరి గడిలోనే.

కొత్త కార్లకు లైసెన్సు దొరకని రోజుల్లో ఒకే మోడల్ ఏళ్ల తరబడి నడిచింది. మార్క్ 2 ఒక్కటే 1960ల మొదట్లో వచ్చి 1975 దాకా సాగింది. అన్నేళ్లలో సామాను ఇచ్చేవాళ్లు ఎన్నిసార్లు మారి ఉంటారు? కాబట్టి "మార్క్ 2 ఒరిజినల్" అనే మాటకే అర్థం లేదు. ఫలానా ఛాసిస్ నంబరున్న మార్క్ 2కి ఒరిజినల్ అనాలి.

అంగుళాలు, గ్యాలన్లు, నా పరువు

పుస్తకం సరైనదే దొరికిందనుకుందాం. చదవడంలో ఇంకో గొడవ ఉంది. ఇది చెప్పడానికి నాకంటే అర్హుడు మా గ్రూపులో లేడు.

నా జీపుకి అమెరికా మాన్యువల్ ఒకటి సంపాదించాను. ఇంజన్ ఆయిల్ నాలుగు క్వార్ట్‌లు అని ఉంది. క్వార్ట్ అంటే గ్యాలన్‌లో పావు వంతు, అది నాకు తెలుసు. గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్లు, అదీ తెలుసు, చిన్నప్పుడు స్కూల్లో బట్టీ పట్టినదే. పోసేశాను. వారం తిరక్కుండా క్లచ్ హౌసింగ్ కింద నల్లటి మడుగు. స్కూల్లో నేర్పిన గ్యాలన్ బ్రిటిష్‌ది, 4.546 లీటర్లు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లే. ముప్పావు లీటరు ఎక్కువ పోసి, వెనక సీలు నుంచి బయటికి కారించుకున్నాను. మా మెకానిక్ ఉస్తాద్ ఏమీ అనలేదు. కింద ఒక తగరం డబ్బా పెట్టి, నా మొహం చూసి, మళ్లీ డబ్బా వైపు చూశాడు.

బిగింపుల లెక్క కూడా అంతే. బ్రిటిష్ పుస్తకంలో పౌండ్ ఫుట్, ఇటలీ పుస్తకంలో కిలోగ్రామ్ మీటర్, ఇప్పుడు మనం కొనే టార్క్ రెంచి మీద న్యూటన్ మీటర్. ఒక పౌండ్ ఫుట్ 1.356 న్యూటన్ మీటర్లు. పుస్తకంలో 40 పౌండ్ ఫుట్ ఉంటే రెంచి మీద 54 పెట్టాలి. చూసుకోకుండా 40 దగ్గరే ఆపితే బిగింపు నాలుగో వంతు తగ్గిపోతుంది, హెడ్ గ్యాస్కెట్ ఎన్నాళ్లో ఉండదు. ఫియట్ పుస్తకంలో 5.5 అని చూసి ఇదేంటి ఇంత తక్కువ అనుకోకూడదు. కిలోగ్రామ్ మీటర్లలో 5.5 అంటే అదే 54.

పానాల సంగతి మన గ్యారేజీలన్నిటికీ తెలిసిన బాధ. 1,489 సీసీ ఇంజన్ మీద నట్లు అంగుళాల లెక్కవి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మన దగ్గర ఉండేది 12-13 పానా. 12 ఎక్కదు, 13 వదులుగా ఎక్కుతుంది. ఆ 0.3 మిల్లీమీటర్ల వదులే యాభై ఏళ్లుగా వరంగల్ అంబాసిడర్ల నట్ల మూలలు గుండ్రంగా అరగదీసింది. ఇంకా పాత బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్ అని మరో తద్దినం. ఆ పానా మీద రాసిన కొలత నోటి వెడల్పు కాదు, అది పట్టే బోల్టు లావు. అరంగుళం అని రాసున్న పాత విట్‌వర్త్ పానా నోరు కొలిస్తే 23 మిల్లీమీటర్లు దాటుతుంది. ఈ మూడు రకాలకు ఒక పోలిక పట్టిక చేసి బీరువా తలుపు లోపల అతికించాం. లైబ్రరీలో జనం ఎక్కువగా చదివేది ఆ కాగితమే.

భాష కూడా ఒక్కటి కాదు. అమెరికావాడు హుడ్ అంటే బ్రిటిష్‌వాడి బానెట్. బ్రిటిష్‌వాడు హుడ్ అంటే మడిచే టాపు. మనం డిక్కీ అన్నది ఒకడికి బూట్, ఇంకొకడికి ట్రంక్. కరెంటు దగ్గర బ్రిటిష్‌వాడి ఎర్త్ అమెరికావాడి గ్రౌండ్. ఇందులో ప్రమాదకరమైనది ఆ చివరిదే. 1950ల బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిసి ఉండేది. ఇప్పటి మెకానిక్ అలవాటు కొద్దీ మైనస్‌ని బాడీకి కలుపుతాడు. మాన్యువల్‌లో ఒక మూల చిన్న బొమ్మగా ఉన్న ఆ సంగతి చూడకపోతే మొదటి దెబ్బ డైనమో మీద, దాన్ని బ్యాటరీకి కలిపి విడదీసే కటౌట్ మీద పడుతుంది.

కొత్త పుస్తకాలన్నీ కొత్తవి కావు

ఇప్పుడు అమ్మే "కొత్త" మాన్యువల్స్‌లో చాలామటుకు పాతవాటి పునర్ముద్రణలు. బ్రూక్‌లాండ్స్ బుక్స్ లాంటి సంస్థలు కంపెనీల అనుమతితో శ్రద్ధగా వేస్తాయి. మరోపక్క ఎవరో స్కాన్ చేసిన ఫైలుని అడిగినప్పుడల్లా ఒక కాపీ అచ్చు కొట్టి పంపేవాళ్లూ ఉన్నారు. చందాలతో తెప్పించిన ఎనిమిదిలో రెండు ఆ రకం తగిలాయి. ఫొటోలన్నీ నల్లటి మచ్చలు, ఏది కార్బరేటరో ఏది పెట్రోలు పంపో తెలియదు. అంతకంటే ఘోరం, మడత పేజీలు లేవు. వైరింగ్ బొమ్మ ఎప్పుడూ పెద్ద మడత కాగితం మీద ఉంటుంది. స్కాన్ చేసినవాడు దాన్ని విప్పకుండా పైమడత మాత్రమే తీసి ముందుకెళ్లిపోయాడు.

ఆ మడత పేజీ లేకపోతే పుస్తకంలో సగం విలువ పోయినట్టే. లూకాస్ వైర్లకు ఒక రంగుల పద్ధతి ఉంది, అది తెలిస్తే చీకట్లో కూడా పని చేయొచ్చు. గోధుమరంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెలుపు తాళం తిప్పితే వస్తుంది. ఆకుపచ్చది అదే తాళం కరెంటు, ఫ్యూజు దాటాక. నీలం హెడ్‌లైట్లకి, ఎరుపు పక్క లైట్లకి, నలుపు ఎర్త్. బొమ్మలో ఇవన్నీ అక్షరాలుగా రాసి, వాటి అర్థం ఒక మూల పట్టికలో ఇస్తారు. మేం ఒకసారి మా అసలు కాపీలోని మడత పేజీని జిరాక్స్‌కి ఇస్తే, వాళ్లు కాగితానికి పట్టలేదని సరిగ్గా ఆ పట్టిక ఉన్న అంచు కత్తిరించి ఇచ్చారు. జిరాక్స్‌ని కాదు, అసలు పేజీనే కత్తిరించారు. అప్పట్నుంచి ఏ పుస్తకమూ మనిషి తోడు లేకుండా జిరాక్స్‌కి పోదు.

జిరాక్స్ అన్నాక చట్టం మాట రాక తప్పదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పేరున్న పుస్తకానికి ఆయన పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. రచయిత పేరు లేకుండా వచ్చినదానికి అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మాన్యువల్స్ మీద సాధారణంగా మనిషి పేరుండదు కాబట్టి రెండో లెక్క వర్తిస్తుందనుకుంటే 1960ల మొదట్లో అచ్చయినవి ఇప్పుడు ఆ గడువు దాటాయి. సొంత చదువుకి కొన్ని పేజీలు తీసుకోవడం వేరు, మొత్తం పుస్తకం కొట్టి అమ్మడం వేరు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీలు దేశంలో కొనడానికి దొరకని పుస్తకానికి మూడు కాపీల దాకా చేసుకోవచ్చని, తమ దగ్గరున్న పుస్తకాన్ని భద్రత కోసం డిజిటల్ చేసుకోవచ్చని కూడా చట్టంలో ఉంది. మా ఇనుప బీరువాని పబ్లిక్ లైబ్రరీ అని కోర్టులో నిలబెట్టే ధైర్యం నాకు లేదు, అందుకని మేం గడువు దాటినవే స్కాన్ చేస్తున్నాం.

పుస్తకాల్లో లేనిది

ఉస్తాద్ అన్నానుగా, ఆయనది ములుగు రోడ్డు వైపు చిన్న షెడ్డు. పుస్తకాలంటే ఆయనకు అగౌరవం లేదు, నమ్మకమూ లేదు. ఒకసారి అన్నాడు: "సారు, బుక్కు రాసినోడు కొత్త బండి ముంగట వెట్టుకొని రాసిండు. మనకాడికొచ్చేటియి యాభై ఏండ్ల బండ్లు." ఇంతకంటే మంచి పుస్తక సమీక్ష నేను చదవలేదు. టాపెట్ గ్యాప్ 0.015 అంగుళం పెట్టమని మాన్యువల్ చెబుతుంది. వాల్వును నొక్కే రాకర్ అరిగి మధ్యలో గుంట పడి ఉంటే, సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆ గుంట మీద వంతెనలా కూర్చుంటుంది. గేజ్ లెక్కకి సరిపోయినట్టే, అసలు సందు మాత్రం ఎక్కువ. ఉస్తాద్ గేజ్ పక్కన పెట్టి, చప్పుడు విని సెట్ చేస్తాడు.

పాత పుస్తకాలకు తెలియని సంగతులు ఇంకా ఉన్నాయి. అవి రాసినప్పుడు పెట్రోల్లో సీసం ఉండేది, మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి తీసేశారు. ఇప్పుడు బంకులో వచ్చేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు పైపులు, కార్బరేటర్ లోపలి వాషర్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. మాన్యువల్ చెప్పినట్టు ఒరిజినల్ రబ్బరు పైపు వెతికి వేస్తే పెట్రోలు లీకు కొని తెచ్చుకున్నట్టే. ఇక్కడ అసలు రూపం కన్నా మంటలు రాకపోవడం ముఖ్యమని నా అభిప్రాయం, మాలో ఇద్దరు ఒప్పుకోరు.

నిగనిగల చరిత్ర పుస్తకాలని మరీ తీసిపారేస్తున్నానని అనుకోకండి. నిజాం కోసం బార్కర్ కంపెనీ బాడీ కట్టిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దాని లోపలి పనితనం మంచి ఫొటోలో చూడాల్సిందే. నా ఫిర్యాదు వేరే. ఆ పుస్తకాలన్నీ మహారాజుల గ్యారేజీల చుట్టూనే తిరుగుతాయి. 1932లో నిజాం రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ శాఖ 27 బస్సులతో మొదలైందన్న సంగతికి వాటిలో చోటుండదు. కాజీపేట స్టేషన్ బయట టాక్సీలు నడిపినవాళ్లు, గనుల్లో జీపులు తోలినవాళ్లు ఏ బండికి ఏం మార్చుకుని నెట్టుకొచ్చారో మా బీరువాలో ఒక్క పేజీ లేదు.

హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం 1904లోనే వెలిసింది. పుస్తకాలు పోగేసి జనానికివ్వడం ఈ ఊరికి కొత్త కాదు. వచ్చిన ప్రతి పుస్తకానికి నంబరు వేసి, స్థితి రాసి, రిజిస్టరులో ఎక్కించే అలవాటు మాకు అలాంటి పాత గ్రంథాలయాలు చూసే వచ్చింది. ఈ ఏడు ఆ రిజిస్టరులో అచ్చు పుస్తకాలతో పాటు ఒక చేతిరాత నోటు పుస్తకం కూడా ఎక్కింది. నెలకోసారి ఉస్తాద్ దగ్గర కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాం, డెల్కో, కమాన్ కట్ట, స్టెప్నీ అన్న మాటలతో సహా. ఏ పార్టు బదులు ఏ బండిది పడుతుంది, ఎక్కడ ఎంత ఫైల్ చేయాలి. ఇప్పటికి 60 పేజీలైంది.

తమ్ముడి గ్రిల్లు గొడవ తేలింది. ట్రంకు పెట్టె కేటలాగ్‌లో అతని ఛాసిస్ నంబరు పడే వరస చూస్తే, బండికి ఇప్పుడున్నది తర్వాతి మార్క్‌ది. తాతగారి కాలంలో ఎప్పుడో గుద్దితే మార్చి ఉంటారు. సరైనది కోసం వెతుకుతున్నాడు. హారన్ మాత్రం ఇంకా తేలలేదు, ఎందుకంటే ఆ పేజీ లేదు. రిజిస్టరులో ఇలా రాశాం: నంబరు 143, పార్ట్స్ కేటలాగ్, అట్ట లేదు, నూనె మరకలు, మూడు పేజీలు లేవు, బయటికి ఇవ్వరాదు.